ఏఎస్‌సీ అంటే వంటోళ్ళ కోరేనా? బంగారుపాళెం తమ్ముడికి జవాబు

అడిగింది బంగారుపాళెం కుర్రాడు. తిరుపతిలో కోచింగ్ తీసుకున్నాడు, గుంటూరు ఏఆర్‌ఓ, అంటే ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కింద అగ్నివీర్ పరీక్ష రాశాడు, ర్యాలీ కూడా గట్టెక్కాడు. ఇప్పుడు ఆర్మీ సర్వీస్ కోర్, అదే ఏఎస్‌సీ వచ్చింది, బెంగళూరు సెంటర్‌కు పోవాలి. ఇంట్లో సంబరం, ఊర్లో మాత్రం ఎకసెక్కాలు. "తుపాకీ పట్టేదానికి పోతాడనుకుంటే బియ్యం మూటలు మోసేదానికి పోతున్నాడే" అని వరసకు మామ అయ్యే పెద్దాయన రచ్చబండ దగ్గర అన్నాడట. ఈ కోర్ ఎప్పుడు పుట్టింది, నిజంగా ఏం చేస్తుంది, ఫీల్డ్‌కు పంపుతారా లేక డిపోలోనే కూర్చోబెడతారా అని తమ్ముడి ప్రశ్నలు.

నేను ఇదే కోర్‌లో డ్రైవర్‌గా చేరి సుబేదార్‌గా రిటైర్ అయ్యి చిత్తూరులో ఉంటున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

తమ్ముడూ, మీ మామకు చెప్పాల్సిన జవాబు మీ ఊరి పక్కనే ఉంది. పలమనేరు పోతూ మొగిలి కనుమ ఎక్కుతారు కదా, 1791 ఫిబ్రవరిలో లార్డ్ కార్న్‌వాలిస్ తన సైన్యాన్నంతా ఆ కనుమ మీదుగానే మైసూరు సీమలోకి ఎక్కించాడు. ఆయన ఆంబూరు వైపు నుంచి వస్తాడని టిప్పు సుల్తాన్ అనుకున్నాడు. కార్న్‌వాలిస్ కూడా అటే పోతున్నట్టు నమ్మించి, వేలూరు నుంచి ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా మొగిలి దారి పట్టాడు. కనుమలో ఎవరూ అడ్డుకోలేదు. అక్కడ పడిన పాట్లన్నీ ఫిరంగులు, మందుగుండు, బియ్యం బండ్లు పైకి లాగడానికే. ముందు ఎద్దులు లాగేవి, వెనక నుంచి ఏనుగులు నెట్టేవి. ఇప్పుడు టమాటా లోడు లారీలు ఫస్ట్ గేరులో మూలుగుతూ ఎక్కే దారి అది.

ఆ తర్వాత కథ ఇంకా ముఖ్యం. మార్చి 21న బెంగళూరు కోట పడింది. మే నెలలో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం ముందుకు చేరాడు. మే 15న అరికెర దగ్గర టిప్పును వెనక్కి నెట్టాడు కూడా. యుద్ధం గెలిచాడు, కోట కళ్ళ ముందే ఉంది, అయినా కొన్ని రోజులకే వెనక్కి తిరిగాడు. కారణం, బియ్యం అయిపోయింది. వానలు మొదలయ్యాయి, ఎద్దులు రోగాలతో, ఆకలితో కుప్పకూలాయి. లాగే పశువులు లేక కోట గోడలు కూల్చడానికి తెచ్చిన పెద్ద ఫిరంగులను ఆయనే పగలగొట్టించి వదిలేశాడు. విడ్డూరం ఏమిటంటే, వెనక్కి నడక మొదలుపెట్టగానే మరాఠా సైన్యం ఎదురొచ్చింది, వెంట సరుకులతో నిండిన బజారుతో సహా. వాళ్ళు వస్తున్నారన్న కబురు ఇంగ్లీషు వాళ్ళకు చేరకుండా టిప్పు గుర్రపు దండు దారులన్నీ కాసింది. కబురు కాస్త ముందు అంది ఉంటే ఆ ఫిరంగులు మిగిలేవి.

మరుసటి ఏడాది కార్న్‌వాలిస్ మళ్ళీ వచ్చాడు. ఈసారి సైన్యం వెంట బంజారాలు ఉన్నారు. మన సీమలో సుగాలీలు అంటాం, తెలంగాణలో లంబాడీలు అంటారు. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని, పెళ్ళాం పిల్లలతో సహా తండాలు తండాలుగా నడిచేవాళ్ళు. వాళ్ళకు జీతం లేదు. శిబిరంలో బజారు పెట్టి అమ్ముకునేవాళ్ళు, గింజలు అయిపోతే మళ్ళీ పోయి తెచ్చేవాళ్ళు. వాళ్ళ ఎద్దులు దారి పొడవునా మేస్తూ నడుస్తాయి కాబట్టి మేత మోయాల్సిన పని పెద్దగా ఉండదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. 1792 మార్చిలో టిప్పు సంధికి దిగి సగం రాజ్యం వదులుకున్నాడు. పుస్తకాల్లో ఆ గెలుపు జనరళ్ళ పేరు మీద ఉంటుంది. నన్నడిగితే అందులో సగం వాటా సుగాలీ నాయకులది. తిరుమలలో మన్రో గంగాళం అని వింటుంటాం కదా, ఆ థామస్ మన్రో అప్పట్లో ఈ సైన్యంలోనే కుర్ర ఆఫీసరు.

దానికి పదేళ్ళ ముందు హైదర్ అలీ ఇదే లెక్కను తిరగేసి వాడాడు. 1780లో కనుమలు దిగి కర్ణాటకం, అంటే ఆర్కాటు నవాబు సీమ మీద పడినప్పుడు మద్రాసు చుట్టూ పల్లెలు తగలబెట్టించాడు, పశువులను తోలుకుపోయాడు. ఎదురుగా ఉన్న ఇంగ్లీషు సేనాని సర్ ఐర్ కూట్‌ను మైదానంలో ఓడించడం కష్టమని ఆయనకు తెలుసు. కదలకుండా కట్టిపడేయడం అంతకంటే తేలిక. కూట్ 1781 జులైలో పోర్టోనోవో దగ్గర గెలిచాడు, సెప్టెంబరులో షోలింగూరు దగ్గర గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ హైదర్‌ను తరమడానికి ఎద్దులు లేవు, నాలుగు రోజులకు మించి బియ్యం లేదు. షోలింగూరు గెలిచాక ఆ సైన్యం గింజల కోసం మన చిత్తూరు పాళేగాళ్ళ సీమలోకి వచ్చింది. వేలూరు కోటలో ఆకలితో ఉన్నవాళ్ళకు బియ్యం చేర్చడమే ఆ రోజుల్లో కూట్‌కు పెద్ద పని అయిపోయింది. హైదర్ 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరే, నరసింగరాయనిపేట శిబిరంలో చనిపోయాడు. మైసూరు వాళ్ళకు ఇంకో బలం కూడా ఉండేది. ఫిరంగులు లాగడానికే పెంచిన అమృత్ మహల్ ఎద్దులు. ఆ పేరు పెట్టింది టిప్పు. శ్రీరంగపట్నం 1799లో పడ్డాక ఆ మందలు ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చాయి. తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయిన ఆర్థర్ వెల్లెస్లీ దక్కనులో అంత వేగంగా తిరగగలిగాడంటే ఆ ఎద్దుల చలవ కూడా ఉంది.

ఇప్పుడు మేత సంగతి. సప్లై పనిలో దిగిన ఎవరికైనా మొదట అర్థం కావాల్సింది ఇదే. మోసేది కూడా తింటుంది. కంచరగాడిద సుమారు 70 కిలోలు మోస్తుంది. గడ్డి పరక మొలవని కొండల్లో దానికి రోజుకు దాణా, ఎండుగడ్డి కలిపి అయిదు కిలోలే అనుకుందాం, నిజానికి ఇంకా ఎక్కువే తింటుంది. పోస్టుకు ఆరు రోజుల నడక, తిరిగి రావడానికి ఆరు రోజులు. 60 కిలోలు దాని పొట్టకే పోయాయి. జవానుకు దక్కేది 10 కిలోలు. ఇంకో రెండు రోజులు దూరం పెంచితే ఏమీ మిగలదు, గాడిద తన మేత తాను మోసుకుంటూ షికారు చేసి వచ్చినట్టే. లారీ అయినా ఇంతే, డీజిల్ అది తాగుతుంది. హెలికాప్టర్ అయితే మరీ. సియాచిన్ పైపోస్టులకు పోయే చీతా హెలికాప్టర్ ఆ పల్చటి గాలిలో ఒకటి రెండు జెర్రీక్యాన్లకు మించి పైకి తీసుకుపోలేదు. మన కోర్ చరిత్ర అంతా ఈ లెక్కతో కుస్తీ పట్టడమే. మధ్యలో డంపు, అంటే సరుకు నిల్వ పెట్టాలి, దారిలో మేత చూసుకోవాలి, రోడ్డు ఇంకొంచెం ముందుకు వేయించాలి, చలికాలం రాకముందే సరుకు పైకి చేర్చాలి. రెండు వందల ఏళ్ళ కింద ఎద్దులతో చేసినా, ఇప్పుడు స్టాలియన్ లారీలతో చేసినా చేసేది ఇదే.

కోర్ పుట్టుక సంగతి త్వరగా చెప్పేస్తాను. కంపెనీ రోజుల్లో ఎద్దులు, బియ్యం కాంట్రాక్టర్ల చేతుల్లో ఉండేవి. అందులో తిన్నవాడికి తిన్నంత. 1810 ప్రాంతంలో బెంగాల్, మద్రాసు, బొంబాయి సైన్యాలకు విడివిడిగా కమిసేరియట్, అంటే తిండి సరఫరా శాఖలు వచ్చాయి. తర్వాత అవి కలిశాయి, రవాణా తోడైంది, సప్లై అండ్ ట్రాన్స్‌పోర్ట్ కోర్ అయ్యింది. 1923లో ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, 1935లో ముందు రాయల్ చేరింది, 1950లో రాయల్ పోయి ఆర్మీ సర్వీస్ కోర్ మిగిలింది. డిసెంబరు 8 మన కోర్ డే. నినాదం 'సేవా అస్మాకం ధర్మః'. సెంటర్‌లో ఇవన్నీ నిన్ను నిద్రలో లేపి అడుగుతారు, కాబట్టి కంఠస్థం చెయ్యి.

తేదీల కంటే నేను చెప్పదలచుకున్నవి కొన్ని సంఘటనలు. మొదటిది కుట్ అనే ఊరు, ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒడ్డున. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 డిసెంబరు నుంచి మన సిపాయిలు, ఇంగ్లీషు సిపాయిలు అక్కడ టర్కీ సైన్యం ముట్టడిలో చిక్కుకున్నారు. తిండి తగ్గుతూ వచ్చింది, గుర్రాలను కోసి పెట్టారు. మన సిపాయిల్లో చాలామంది మొదట ఆ మాంసం ముట్టలేదు. చివరి రోజుల్లో విమానాల నుంచి పిండి మూటలు వేశారు. ఆకాశం నుంచి సైన్యానికి తిండి వేయాలని చేసిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. అప్పటి విమానాలు మోసేదెంత, పిడికెడు. కొన్ని మూటలు నదిలో పడ్డాయి. 1916 ఏప్రిల్ 29న సుమారు 13,000 మంది లొంగిపోయారు. రేషన్ స్కేలులో శాకాహారికి ఏం ఇవ్వాలి, మాంసం తినేవాడికి ఏం ఇవ్వాలి, హలాల్, ఝట్కా (ఒక్క వేటుతో కోసింది) ఎవరికేది అని ఇప్పటికీ అంత పట్టుగా ఎందుకు రాస్తారో, కుట్ గురించి తెలిసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. తినలేని తిండి డిపోలో ఎంత ఉన్నా లేనట్టే లెక్క.

రెండోది నాకు చాలా ఇష్టమైన కథ. 1939లో యుద్ధం మొదలయ్యే నాటికి ఇంగ్లాండు సైన్యం మొత్తం మోటారు బండ్లకు మారిపోయింది. ఫ్రాన్స్‌లో చలికాలం బురద, మంచు చూసేసరికి కంచరగాడిదలు కావాలని మన దేశాన్ని అడిగింది. కె6 అనే పేరుతో నాలుగు గాడిదల కంపెనీలు ఆ డిసెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కి మార్సేయ్ రేవులో దిగాయి. అందులో ఎక్కువమంది పంజాబీ ముస్లిములు, అందరూ మన కోర్ వాళ్ళే. 1940 మే, జూన్‌లలో జర్మన్లు ముంచుకొచ్చినప్పుడు ఒక కంపెనీ పట్టుబడింది. మిగిలినవాళ్ళలో చాలామంది డంకర్క్ తీరం నుంచి ఇంగ్లాండు చేరారు. గాడిదలకు ఓడలో చోటు లేదు, అక్కడే వదిలేసి రావాల్సి వచ్చింది. డంకర్క్ గురించి ఎంతో విన్నవాళ్ళకు కూడా ఆ ఇసుకలో తలపాగాలతో మన ఏఎస్‌సీ వాళ్ళు నిలబడి ఉన్నారన్నది తెలియదు. మీ మామను అడిగి చూడు.

మూడోది బర్మా. 1944లో జపాన్ సైన్యం ఇంఫాల్‌ను చుట్టుముట్టినా స్లిమ్ జనరల్ సైన్యం వెనక్కి పోలేదు, ఎందుకంటే డకోటా విమానాలు రోజూ సరుకు తెచ్చి దింపాయి. అంతకుముందు ఫిబ్రవరిలో బర్మా తీరంలోని అరకాన్‌లోనూ అదే జరిగింది. వెనక తెగిపోతే వణికిపోయే సైన్యం, వెనక తెగిపోయినా అక్కడే కూర్చుని కొట్లాడింది. ఇందులో చాలా చిన్న సంగతులు ఉన్నాయి. బియ్యం మూటను పారాచూట్ లేకుండా వేయాలంటే ఒక గోనె సరిపోదు, పగిలిపోతుంది. గోనెను వదులుగా నింపి, దాన్ని ఇంకో పెద్ద గోనెలో వేసి కుడతారు. లోపలిది పగిలినా బయటిది పట్టుకుంటుంది. పారాచూట్లకు పట్టు దొరక్క కలకత్తాలో జనపనారతో నేయించారు. మనిషి దిగడానికి అవి పనికిరావు గానీ పప్పు మూట దిగడానికి భేషుగ్గా సరిపోయాయి. ఈ విమానంలోంచి మూటలు నెట్టే పని, అంటే ఎయిర్ డిస్పాచ్, ఇప్పటికీ మన కోర్‌దే. తలుపు తీసిన విమానంలో, బెల్టు కట్టుకుని, పచ్చ లైటు వెలిగిన కొద్ది సెకన్లలో లోడు మొత్తం బయటికి నెట్టాలి. ఆలస్యమైతే ఆ మూట పోస్టు దాటి పక్క లోయలో పడుతుంది.

లోయలో పడితే ఏమవుతుందో 1962లో చూశాం. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులో, నామ్‌కా చూ వాగు దగ్గర మన 7వ బ్రిగేడ్ కూర్చుంది. రోడ్డు చాలా దూరంలో ఆగిపోయింది. సాంగ్‌ధర్ అనే ఇరుకు మైదానంలో విమానాలు సరుకు వేస్తే చాలా మూటలు లోయల్లోకి జారిపోయాయి. అక్టోబరు చలిలో జవాన్లు నూలు బట్టలతో ఉన్నారు, తలా యాభై రౌండ్ల గుళ్ళు ఉంటే గొప్ప. అక్టోబరు 20న చైనా దాడి చేసింది. ఆ బ్రిగేడ్‌కు ధైర్యం తక్కువై కాదు. అక్కడ నిలబెట్టమన్న వాళ్ళకు ఎంతమందికి తిండి, గుళ్ళు, దుప్పట్లు చేరతాయన్న లెక్క పట్టలేదు. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

1971 దానికి సరిగ్గా ఎదురు. పాకిస్తాన్‌తో యుద్ధం డిసెంబరు 3 నుంచి 16 దాకా, పదమూడు రోజులు. దాని వెనక నెలల తరబడి సర్దుడు ఉంది. తూర్పు పాకిస్తాన్ పక్కనున్న త్రిపురకు అప్పుడు మీటర్ గేజ్ రైలు ధర్మనగర్ దాకానే. అక్కడి నుంచి మూడు డివిజన్లకు కావాల్సిన బియ్యం, పెట్రోలు, గుళ్ళు అన్నీ ఇరుకు కొండ రోడ్ల మీద లారీల్లో తోలి పెట్టారు. వర్షాకాలం పోవాలి, ఉత్తరాన కనుమలు మంచుతో మూసుకోవాలి, డంపులు నిండాలి అని అప్పటి ఆర్మీ చీఫ్ మానెక్ షా ఆగారంటే ఇదంతా అందులో భాగమే.

నువ్వు అడిగిన మరో ప్రశ్న, రోజూ ఏం చేస్తారని. ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను. ఆర్మీలో సరుకు చూసేది ఒక్క కోర్ కాదు. తుపాకులు, గుళ్ళు, బట్టలు, బూట్లు, స్పేర్ పార్టులు ఆర్డినెన్స్ కోర్ చూసుకుంటుంది. రిపేర్లు ఈఎంఈ, అంటే ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్ చూసుకుంటుంది. ఆ రెండింటికీ సికింద్రాబాద్‌లో సెంటర్లు ఉన్నాయి కాబట్టి మనవాళ్ళకు ఆ పేర్లు బాగా తెలుసు. తిండి, పెట్రోలు, డీజిల్, కిరోసిన్, లారీల రవాణా, కంచరగాడిదలు, ఎయిర్ డిస్పాచ్ మన కోర్‌వి. ఆర్డినెన్స్ వాళ్ళ గుళ్ళు కూడా పైకి పోయేది చాలాసార్లు మన బండ్లలోనే.

సప్లై డిపోలో పడితే నీ పని దాదాపు అనుమానించడమే అనుకో. వచ్చిన టిన్ను రెండు పక్కలా బొటనవేలితో నొక్కి చూడాలి, ఉబ్బిందంటే పక్కన పెట్టాలి. రవ్వలో పురుగు, పప్పులో రాయి, ఎండుద్రాక్షలో తేమ. అనుమానం వస్తే శాంపిల్ ఫుడ్ ల్యాబ్‌కు పోతుంది. ముందు వచ్చిన లాటు ముందు పోవాలి, వెనకది ముందు తీస్తే రేపు ఎక్కడో పైపోస్టులో ఒకడి చేతిలో గడువు దాటిన టిన్ను ఉంటుంది. కాంట్రాక్టరు తెచ్చే ఫ్రెష్, అంటే కూరగాయలు, మాంసం, గుడ్లు, పొద్దున్నే దిగుతుంది. తూకం దగ్గర నిలబడినవాడు మొహమాటపడితే ఆ రోజు కొన్ని వందల మంది పళ్ళాల్లో తేడా వస్తుంది. టిఫిన్ పెడతాం, టీ తాగండి సార్ అని మంచి చేసుకోవాలని చూసే కాంట్రాక్టర్లు నీకూ తగులుతారు. టీ మన లంగరు, అంటే యూనిట్ వంటశాలలోనే తాగు.

నేను ఎక్కువ బతికింది రోడ్డు మీద, కాబట్టి అదే ఎక్కువ చెప్తాను. లడాఖ్‌కు శ్రీనగర్ వైపు నుంచి పోవాలంటే జోజి లా దాటాలి, ఎత్తు 11,500 అడుగుల పైన. ఇటీవలి దాకా మంచు పడితే ఆ దారి నెలల తరబడి మూతపడేది. అందుకే ఎండాకాలం, శరత్కాలంలోనే చలికాలం మొత్తానికి సరిపడా సరుకు పైకి తోలాలి. దీన్ని వింటర్ స్టాకింగ్ అంటాం. పిండి, బియ్యం, నూనె, పాలపొడి, కిరోసిన్, బుఖారీలు (గది వేడిచేసే పొయ్యిలు), గాడిదల ఎండుగడ్డి సహా అన్నీ. ఇంకో దారి మనాలి నుంచి. రోహ్‌తాంగ్ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక అటు కొంచెం హాయి. అదే ఏడాది తూర్పు లడాఖ్‌లో గొడవ ముదిరి దళాలు ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ చలికాలానికి సరుకు చేర్చడం మన కోర్ ఇటీవల చేసిన అతిపెద్ద పనుల్లో ఒకటి. దాని మీద టీవీలో చర్చలు పెద్దగా రాలేదు, రావు కూడా.

కాన్వాయ్ అంటే వరసగా లారీలు పోవడం కాదు. బండికీ బండికీ ఎంత దూరం, ఎక్కడ హాల్టు, ఎదురు కాన్వాయ్‌ను ఎక్కడ దాటించాలి, ట్రాఫిక్ పోస్టు ఎన్నింటికి దాటాలి అని ముందే రాసి ఉంటుంది. రాత్రి హెడ్‌లైట్లు ఆర్పి నడిపేటప్పుడు ముందు బండి వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ గుండ్రని డబ్బాకు తెల్ల రంగు వేసి ఉంటుంది, దాని మీద పడేలా కింద చిన్న లైటు ఉంటుంది. పైనుంచి చూసేవాడికి కనపడదు, వెనక వచ్చే డ్రైవరుకు మాత్రం ఆ తెల్ల చుక్క కనపడుతుంది. దాన్నే చూసుకుంటూ పోవాలి. చుక్క పెద్దదైతే దగ్గరైపోయావు, చిన్నదైతే వెనకబడ్డావు, పక్కకు జరిగితే మలుపు. అటు పక్క లోయ. 1999 వేసవిలో ద్రాస్ దగ్గర కొండల మీద నుంచి పాకిస్తాన్ వాళ్ళు ఫిరంగి గుళ్ళను హైవే మీదికి సరిగ్గా గురిచూసి వేయించినప్పుడు బండ్లు అలాగే చీకట్లో నడిచాయి. అసలు వాళ్ళు ఆ కొండలు ఎక్కిందే లేహ్‌కు, సియాచిన్‌కు పోయే మన సరుకు దారిని గుప్పిట్లో పెట్టుకోవడానికి. హైదర్ మద్రాసు చుట్టూ చేసింది, ద్రాస్ దగ్గరి టోలోలింగ్ కొండ మీద వాళ్ళు చేయబోయింది ఒకటే.

చలి గురించి కూడా చెప్తాను, బంగారుపాళెంలో పుట్టినవాడివి కాబట్టి. డీజిల్ చలికి మైనంలా గడ్డకడుతుంది, పొద్దున్నే బండి స్టార్ట్ కాదు. పాత రోజుల్లో కిరోసిన్ కలిపేవాళ్ళు, బండి కింద మంట పెట్టి వేడి చేసేవాళ్ళు, ప్రమాదమని తెలిసినా. 2019లో ఇండియన్ ఆయిల్ వాళ్ళు సున్నాకు దిగువన 33 డిగ్రీల దాకా పారే వింటర్ డీజిల్ లడాఖ్‌లో మొదలుపెట్టాక ఆ తిప్పలు చాలా తగ్గాయి. ఇనుప పానాను ఉత్త చేత్తో పట్టుకోవద్దు, చర్మం అంటుకుని ఊడొస్తుంది. పైకి పోగానే పరుగులు పెట్టొద్దు, మొదటి విడత ఆరు రోజులు ఒళ్ళు ఆ గాలికి అలవాటు పడాలి, డాక్టరు సరే అంటేనే పైకి.

కాబట్టి ఫీల్డ్‌కు పంపుతారా అన్న ప్రశ్నకు జవాబు, పంపుతారు. పదాతి దళం ఎక్కడ ఉంటే దాని వెనకే, ఒక్కోసారి పక్కనే మనవాళ్ళు ఉంటారు. రోడ్డు అయిపోయిన చోట గాడిదల కంపెనీ మొదలవుతుంది. పెడోంగి అని ఒక ఆడ కంచరగాడిద పేరు సెంటర్‌లో వింటావు. 1971లో శత్రువుకు చిక్కితే, వాళ్ళు దాని మీద మెషిన్ గన్ను, గుళ్ళ పెట్టెలు ఎక్కించారట. అది ఆ బరువుతోనే తప్పించుకుని మన పోస్టుకు తిరిగొచ్చింది. ముసలితనంలో దాన్ని ఢిల్లీకి పిలిపించి నీలం మఖ్మల్ కప్పి సన్మానించారు. ఇప్పుడు గాడిదలను తగ్గించుకుంటూ డ్రోన్లు, నాలుగు కాళ్ళ రోబోలు తెస్తున్నారు. 2025 జనవరిలో పుణేలో ఆర్మీ డే పరేడ్‌లో ఆ రోబోలు నడిచాయి. వాటికి ఎండుగడ్డి అక్కర్లేదు గానీ బ్యాటరీ కావాలి, ఆ చలిలో ఆ బ్యాటరీ ఛార్జింగ్ ఎలా అన్నది మళ్ళీ మన కోర్ తలనొప్పే.

వంటోళ్ళ కోర్ అన్న మాటకు కోపం తెచ్చుకోవద్దు. చెఫ్ ట్రేడ్ మన దగ్గర ఉంది, మంచి చెఫ్ ఉన్న యూనిట్‌లో జవాను ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. మైసూరులో 1961లో పెట్టిన డీఎఫ్‌ఆర్‌ఎల్ అనే రక్షణ ఆహార ప్రయోగశాల నుంచి వేడి చేసుకుని తినే ప్యాకెట్లు వచ్చాయి, శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పనిచేశారు వాటి మీద. అయినా 18,000 అడుగుల మీద ఆకలి చచ్చిపోతుంది, ప్యాకెట్ చూస్తేనే వెగటు. అక్కడ వేడివేడి రొట్టె చేసి తినిపించగలిగినవాడికి కంపెనీ కమాండర్ కూడా మర్యాద ఇస్తాడు. మోటార్ సైకిళ్ళ సరదా ఉంటే టోర్నడోస్ గురించి అడుగు. మన కోర్ జట్టే, బెంగళూరులోనే ఉంటుంది. 2017లో ఒక్క బుల్లెట్ బండి మీద 58 మంది ఎక్కి రికార్డు కొట్టారు.

సెంటర్‌లో ముందు బేసిక్ ట్రైనింగ్, అందరికీ ఒకటే: డ్రిల్లు, ఫైరింగ్, పరుగు. తుపాకీ పట్టనివ్వరేమో అన్న టెన్షన్ వద్దు. కాన్వాయ్ మీద దాడి జరిగితే కాపాడుకోవాల్సింది నువ్వే. ఆ తర్వాత ట్రేడ్ ట్రైనింగ్. నీ చేతిలో ఎంపిక ఉంటుందని గ్యారంటీ లేదు గానీ, అడిగితే మాత్రం డ్రైవర్ ఎంటీ, అంటే మోటారు బండ్ల డ్రైవర్ అను. అగ్నివీర్ నాలుగేళ్ళ తర్వాత నాలుగో వంతు మందినే ఉంచుతారు, మిగిలినవాళ్ళు బయటికి రావాలి. హెవీ బండి మీద చేయి తిరిగినవాడికి చెన్నై, బెంగళూరు రోడ్డు మీద పనికి కొదవ లేదు. ఆర్మీలో వచ్చిన ప్రతి డ్రైవింగ్, ట్రేడ్ సర్టిఫికెట్‌కు జిరాక్సులు తీసి ఇంటికి పంపి పెట్టు, సివిల్ లైసెన్సుకు, ఉద్యోగానికి అవి కావాలి. స్టోర్ కీపర్ వస్తే కంప్యూటర్ నేర్చుకో, లెడ్జర్లు ఇప్పుడు చాలావరకు అందులోకి పోతున్నాయి. హిందీ ఇప్పటి నుంచే మాట్లాడటం మొదలుపెట్టు, తప్పులైనా ఫర్వాలేదు. ఒరిజినల్ మార్కుల లిస్టు, ఆధార్, కుల, నివాస ధ్రువపత్రాలు కాల్ లెటర్‌లో ఉన్న వరస ప్రకారం ఒక ప్లాస్టిక్ ఫైలులో పెట్టుకో. చిత్తూరు నుంచి బెంగళూరుకు బస్సులు రాత్రంతా ఉంటాయి గానీ, ముందు రోజే చేరుకుని రాత్రి నిద్రపోయి పొద్దున్నే గేటు దగ్గర ఉండు. బస్సు మొగిలి కనుమ మీదుగానే పోతుంది.